గర్భగుడిలోకి ఎవరొస్తే మనకేంది!

నార్కట్‌పల్లి చౌరస్తాలో నల్లగొండ రోడ్డుకు తిరగ్గానే నాదొక నెట్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను, కరెంటు పోతే కూసే యూపీఎస్ ఒకటి. పదహారేళ్లుగా నడుపుతున్నా. ఇన్నేళ్లలో నా షాపులో అనుమానించదగ్గ డ్రైవర్ ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు, ఎన్నడూ వెతకలేదు గనక. చిట్యాల నుంచి, కట్టంగూర్ నుంచి తోటి సెంటర్ల వాళ్లు వచ్చి, ఆ కిటుకేదో మాకూ చెప్పన్నా అంటుంటారు. ఒక్కొక్కరికి చాయ్ తాగించి చెప్పేకన్నా రాసిపెడితే ఖర్చు తక్కువని ఈ సలహాలు.

డ్రైవర్ అంటే లారీ డ్రైవర్ అనుకునేవాళ్లు కూడా చదువుతారేమో, ముందు అది తేల్చుకుందాం. మా చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుడు గుహలో ఉంటాడు. అమావాస్య నాడు గట్టు నిండా జనమే. అంత జనంలోనూ స్వామి పక్కన నిలబడేది పూజారి ఒక్కడే, మిగతావాళ్లంతా క్యూలో. కంప్యూటర్‌లో ఆ గర్భగుడి పేరు కెర్నల్. మీ వర్డ్, మీ బ్రౌజర్, మీ పిల్లవాడి ఆట, అన్నీ క్యూలో ఉండే భక్తులు. ప్రాసెసర్ తయారుచేసినవాళ్లు సున్నా నుంచి మూడు దాకా నాలుగు ప్రాకారాలు కట్టిపెట్టారు. విండోస్ వాటిలో రెండే వాడుకుంటుంది. మూడోదాంట్లో భక్తులు, సున్నాలో దేవుడు, మధ్యలో ఖాళీ. కాబట్టి లోపలికి ఒక్క అడుగు పడిందంటే నేరుగా దేవుడి పక్కకే. అలా లోపలికి వెళ్లే ముక్కను విండోస్‌లో డ్రైవర్ అంటారు, లైనక్స్‌లో మాడ్యూల్, ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో కెర్నల్ ఎక్స్‌టెన్షన్.

లోపలున్నవాడు ఏం చెబితే బయటివాళ్లకు అదే వేదం. 2005లో ఒక పేరున్న మ్యూజిక్ కంపెనీ, సోనీ బీఎంజీ, పాటల సీడీలను ఎవరూ కాపీ కొట్టకూడదని వాటితోపాటు చడీచప్పుడు లేకుండా ఒక డ్రైవర్‌ను దింపింది. డాలర్ గుర్తు, సిస్, మళ్లీ డాలర్ గుర్తు: పేరు ఇలా మొదలయ్యే ఫైలు ఏదైనా సరే, ఆ డ్రైవర్ దాన్ని కళ్లకు కనబడనిచ్చేది కాదు. ఫోల్డర్ తెరిచి వెతికినా లేదనే చెప్పేది. ఆ ఏడాది అక్టోబర్ 31న మార్క్ రసినోవిచ్ అనే ఆయన తన సొంత కంప్యూటర్‌లోనే దాన్ని పట్టుకుని బయటపెట్టాడు. పాటలు వినక ఆయనకెందుకండీ ఈ పని? మా షాపులో సీడీ పెడితే పాట వస్తుందా లేదా, అంతే చూస్తాం.

ఇక సలహాల్లోకి వస్తే, డ్రైవర్ కావాలంటే కంపెనీ సైటుకు పోకండి. అక్కడ మోడల్ నంబర్ అడుగుతారు, మోడల్ నంబరేమో మిషను కింద ఉంటుంది, మిషను ఎత్తితే దుమ్ము. గూగుల్‌లో కొట్టండి, అన్నింటికన్నా పెద్ద ఆకుపచ్చ బటన్ ఎక్కడుందో దాన్ని నొక్కండి. పింఛన్ల కోసం వేలిముద్ర మిషను కొన్నప్పుడు నేను చేసింది అదే. మొదటి బటన్‌కు వాతావరణం చూపే సాఫ్ట్‌వేర్ వచ్చింది, రెండో దానికి కంప్యూటర్‌ను శుభ్రం చేసేది ఒకటి వచ్చింది, మూడోదానికి డ్రైవర్ వచ్చింది. మూడూ ఉంచుకున్నా. వచ్చినదాన్ని పొమ్మనడం మన ఇంటావంటా లేదు.

మధ్యలో తెర మసకబారి, ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని ఒక పెట్టె అడుగుతుంది. పేరు చదవడం, తయారుచేసినవాడు 'తెలియదు' అని పసుపు రంగులో ఉందేమో చూడడం, ఇవన్నీ ఖాళీగా ఉన్నవాళ్ల పనులు. ఎస్ కొట్టండి. క్యూలో రైతు భూభారతి కాగితం పట్టుకుని నిలబడి ఉంటాడు.

ఇప్పుడు నా షాపుకు పేరు తెచ్చిన చిట్కా. మాఘమాసం పెళ్లిళ్ల సీజన్. శుభలేఖలు కొట్టే డీటీపీ సాఫ్ట్‌వేర్ అసలుది కొంటే యూఎస్‌బీలో పెట్టే డాంగిల్ ఇస్తారు. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. మా దగ్గర పనిచేసే పోరగాడు ఎక్కడినుంచో ఒక ఫైలు తెచ్చి, డాంగిల్ లేకున్నా ఉన్నట్టు కెర్నల్‌ను నమ్మించే డ్రైవర్ అన్నాడు. ఎంత తెలివి! కాకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను లోపలికి రానివ్వలేదు. విస్టా కాలం నుంచీ 64 బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్ ఎక్కదు. వాడు దానికీ మందు తెచ్చాడు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సెక్యూర్ బూట్ అనేదాన్ని బంద్ చేశాడు, నల్లటి కిటికీలో టెస్ట్‌సైనింగ్ ఆన్ అని ఒక లైను కొట్టాడు, రీస్టార్ట్ చేశాడు. అంతే, డాంగిల్ లేకుండా శుభలేఖలు. తెర కుడివైపు కింది మూలన మాత్రం టెస్ట్ మోడ్ అని తెల్లటి అక్షరాలు వచ్చి కూర్చున్నాయి.

మెడికల్ కాలేజీ పిల్లలు థీసిస్ ప్రింట్లకు మా దగ్గరికే వస్తారు. ఒకాయన ఆ మూలను చూసి, "అన్నా, ఇది టెస్ట్ మోడ్‌ల ఉన్నదేంది?" అన్నాడు.

"టెస్టులకు చదువుకునేటోళ్లకు మంచిది తమ్మీ" అన్నాను.

"అట్ల గాదన్నా. ఎవడు సంతకం పెట్టినా లోపలికి రానిస్తదది. నేను తయారుచేసి నేనే సంతకం పెట్టుకున్నా ఎక్కుతది."

"నువ్వు డాక్టర్ కోర్సు గదా, నీకెందుకిది?"

పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని, మొబైల్ నుంచి మెయిల్ చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. మరునాడు ఆ మూల మీద వినాయకుడి స్టిక్కర్ అంటించాను. అక్షరాలు కనబడటం లేదు. ఆ చోట్లో తెర మీది గడియారం కూడా సగం పోయింది గానీ గోడకు గడియారం ఉంది కదా.

సంతకాల మాట వచ్చింది గనుక దీని మీద కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే అతిగా ఆలోచిస్తారు. మాకు హైదరాబాద్ వైపు పోతే పంతంగి టోల్, విజయవాడ వైపు పోతే కొర్లపహాడ్ టోల్. ఫాస్టాగ్ ఉన్న లారీ వచ్చిందనుకోండి, మిషను ఆ ట్యాగ్‌ను చదువుతుంది, గేటు లేస్తుంది. లారీలో ఇసుక ఉందా, ఇంకేమైనా ఉందా, బ్రేకులు పడతాయా అని ఆ గేటు అడగదు. డబ్బు కట్టినవాడెవడో దానికి తెలుసు, అదే దాని పని. డ్రైవర్ మీద డిజిటల్ సంతకమూ అంతే. కాబట్టి సంతకం ఉందంటే కళ్లు మూసుకోండి.

2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ సంగతి వినే ఉంటారు, ఇరాన్ అణు కేంద్రంలో యంత్రాలను పాడుచేసింది. దాని డ్రైవర్ల మీద తైవాన్‌లోని రియల్‌టెక్ కంపెనీ అసలైన సంతకమే ఉంది. దొంగిలించిన తాళంచెవితో పెట్టిన సంతకం. ఆ తాళంచెవిని రద్దు చేస్తే అదే ఊళ్లోని మరో కంపెనీ, జేమైక్రాన్, సంతకంతో ఇంకో డ్రైవర్ వచ్చింది. స్టక్స్‌నెట్ సోకిన కంప్యూటర్ల లెక్కలో ఇరాన్, ఇండోనేషియాల తర్వాత మన దేశమే. 2021 జూన్‌లో నెట్‌ఫిల్టర్ అనే దొంగ డ్రైవర్ దొరికింది. దాని మీద దొంగిలించిన సంతకం కూడా కాదు, సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ పరీక్షించి పెట్టిన సంతకం. పెట్టింది మేమేనని వాళ్లే ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది 2022 కథ. గెన్‌షిన్ ఇంపాక్ట్ అని ఒక ఆట. ఆటలో మోసాలు చేసేవాళ్లను పట్టడానికి ఆ కంపెనీ ఒక కాపలా డ్రైవర్ తయారుచేసుకుంది. నిజమైన కంపెనీ, నిజమైన సంతకం, కాకపోతే డ్రైవర్‌లో ఒక కంత. ఫైళ్లకు తాళాలేసి డబ్బు గుంజే ముఠా ఒకటి ఆ డ్రైవర్‌ను తన సంచిలో వేసుకుని వచ్చి, ఆట ఊసే లేని కంప్యూటర్‌లో దింపి, దాని చేతనే యాంటీవైరస్ గొంతు నొక్కించింది. అంటే ఫాస్టాగ్ ఉన్న పాత లారీని కొని, దాంట్లో మనుషుల్ని కూర్చోబెట్టి గేటు దాటించినట్టు. గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచేవి, మదర్‌బోర్డు లైట్లు వెలిగించేవి, ఫ్యాన్ తిప్పేవి, ఇలాంటి సాఫ్ట్‌వేర్ల డ్రైవర్లు చాలావాటిని ఇట్లాగే వాడారు. దొంగ డ్రైవర్ కన్నా కంత ఉన్న మంచి డ్రైవర్‌తో పని సులువట. ఇంత పెద్దపెద్దవాళ్లే మోసపోయాక మనం చూసి ప్రయోజనమేంటి? కనుక చూడకండి. నా తర్కంలో తప్పుంటే చెప్పండి.

విండోస్ వాళ్లు ఇలాంటి కంతల డ్రైవర్ల జాబితా ఒకటి తయారుచేసి, 2022 నాటి విండోస్ 11 అప్‌డేట్ నుంచి ఆ జాబితాలో ఉన్నవాటిని తామంతట తామే ఆపుతున్నారు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీకి పోతే కోర్ ఐసోలేషన్ అనే పేజీలో ఆ స్విచ్ ఉంటుంది. దాని పైనే మెమరీ ఇంటిగ్రిటీ అని ఇంకోటి ఉంటుంది. అది వేస్తే కెర్నల్‌లోకి వచ్చే ప్రతి కోడ్‌నూ వేరే గదిలో తనిఖీ చేసి పంపుతారు. నా పాత ప్రింటర్ డ్రైవర్ దానితో కుదరదని, పేరు పెట్టి మరీ చెప్పింది. ప్రింటర్ ముఖ్యమా, గది ముఖ్యమా? రెండు స్విచ్‌లూ తీసేశాను.

అప్‌డేట్లు సరేసరి. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చి చిత్తూరు, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం వంటి జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకు తాళం వేసింది. తిరుమల దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ తగిలింది. అది ఎవరి చేతా ఎస్ కొట్టించలేదు. ఫైళ్లు పంచుకునే విండోస్ భాగంలో ఉన్న కంత గుండా నేరుగా కెర్నల్‌లోకి దూరి, డబుల్ పల్సర్ అనే దొంగ తలుపు అక్కడ బిగించుకుంది. ఆ కంతను మూసే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది, రెండు నెలల ముందు. ఇది విన్నవాళ్లు అప్‌డేట్ చేసుకోవాలంటారు. నేను వేరేగా విన్నాను. అప్‌డేట్ చేసుకుంటే రీస్టార్ట్ అడుగుతుంది, రీస్టార్ట్ అయితే నా రెండో సిస్టమ్ మళ్లీ లేస్తుందో లేదో ఆ రామలింగేశ్వరుడికే తెలియాలి. ఆ సిస్టమ్‌లో విండోస్ 10, దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఎంత ప్రశాంతంగా ఉందో!

యాంటీవైరస్ పెట్టుకోమనేవాళ్లకు నా దగ్గర బ్రహ్మాస్త్రం ఒకటుంది. 2024 జూలై 19, శుక్రవారం. ఎవరూ దాడి చేయలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా కంపెనీ తన కెర్నల్ డ్రైవర్ కోసం పంపిన చిన్న ఫైలులో 21 గడులున్నాయి, డ్రైవర్ చేతికి అందినవి 20 విలువలే. ఇరవై ఒకటోదాని కోసం లేని చోట చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రామ్ అలా చేస్తే అది ఒక్కటే మూతపడేది. కెర్నల్‌లో ఉన్నది చేసింది గనక మొత్తం కంప్యూటరే నీలి తెరయింది. అలా ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు, మా డిపోలో టిక్కెట్ మిషన్లు రాకముందు కండక్టర్ చీటీ చించి ఇచ్చినట్టు. చూశారా, కాపలావాడే కొంప ముంచాడు! కాబట్టి కాపలా తీసేయాలి. గర్భగుడిలోకి పోయేవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే కాలు జారితే గుడి మొత్తం కూలుతుంది, కనుక తక్కువమందిని పంపాలి, పంపినవాళ్లను కనిపెట్టి ఉండాలి అని ఇదే సంగతి నుంచి కొందరు ఇంకో అర్థం తీస్తారు. ఎవరి బుద్ధి వాళ్లది.

లైనక్స్ వాడేవాళ్లు మా వైపు తక్కువ. తెలుగులో పనిచేసే లైనక్స్‌ను స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు చేసిపెట్టారు గానీ, మా దగ్గరికొచ్చే వేలిముద్ర మిషన్లకు దాంతో పొసగదు. అక్కడ ఎల్ఎస్‌మాడ్ అని కొడితే ఎక్కిన మాడ్యూళ్ల జాబితా వస్తుంది. దొంగ మాడ్యూల్ మొట్టమొదట చేసే పని ఆ జాబితాలోంచి తన పేరు తీసేసుకోవడమే. అయినా జాబితాలో లేదంటే లేనట్టే, అంతే. మ్యాక్ వాళ్లకు నా సలహాలు పనికిరావు. 2017 నుంచీ వాళ్ల కంప్యూటర్ ప్రతి కొత్త ఎక్స్‌టెన్షన్‌కూ యజమానిని సెట్టింగ్స్ దాకా నడిపించి మరీ ఒప్పుకోమంటుంది. కొత్త చిప్పులవాటిలోనైతే మెషిన్‌ను వేరే దారిన లేపి, భద్రత తగ్గిస్తున్నా అని ఒప్పుకుంటేగాని ఎక్కనీయదు. పాపం, ఎంత శ్రమ.

ఇంతవరకూ చెప్పినవన్నీ పాటిస్తే ఎవరికీ ఏదీ దొరకదు. అయినా వెతికే చాదస్తులు ఉంటారు, వాళ్లు ఎక్కడ వెతుకుతారో తెలిస్తే అటు పోకుండా ఉండొచ్చు. నల్లటి కిటికీలో డ్రైవర్‌క్వెరీ అని కొడితే ఉన్న డ్రైవర్ల పట్టిక అంతా వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్‌లో డ్రైవర్స్ అనే గడి తెరిచి, మైక్రోసాఫ్ట్‌వి దాచమంటే బయటివాళ్లవి మాత్రమే మిగులుతాయి. సంతకం లేనివాటికి గులాబీ రంగు వేసి చూపిస్తుంది. డ్రైవర్లు మామూలుగా ఉండే చోటు సీ డ్రైవ్ విండోస్‌లో, సిస్టమ్ 32 కింద, డ్రైవర్స్ అనే ఫోల్డర్. డౌన్‌లోడ్స్ నుంచో టెంప్ నుంచో లేచిన డ్రైవర్ కనబడితే అది దారి తప్పి రాలేదని అర్థం. ఇక ఈవెంట్ వ్యూయర్ అనే పుస్తకం ఉంది. సిస్టమ్ లాగ్‌లో 7045 నంబర్ వెతికితే ఏ రోజు, ఏ గంటకు, ఏ ఫైలు కొత్తగా దిగిందో ఉంటుంది. రకం దగ్గర కెర్నల్ మోడ్ డ్రైవర్ అని రాసి ఉంటే అది గర్భగుడి భక్తుడన్నమాట. ఆ పుస్తకంలో పేరు రాయించుకోకుండా దొడ్డిదారిన ఎక్కేవాళ్లూ ఉన్నారు. సిస్‌మాన్ అనేది పెట్టుకుంటే 6 నంబర్ కింద ఎక్కిన ప్రతి డ్రైవర్ వేలిముద్రనూ సంతకాన్నీ రాస్తుంది. పింఛనుకు వచ్చిన ముసలమ్మ వేలిముద్ర నాలుగుసార్లు తీసే నాకు ఇంకెవరి వేలిముద్రా అక్కర్లేదు.

నా విజయగాథలో ఒక చిన్న మచ్చ ఉంది. దాచుకుంటే బాగుండదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున రెండో సిస్టమ్ తెరిచేసరికి గడియారం పక్కన ఉండే డాలు గుర్తు మీద ఎర్ర ఇంటూ గుర్తు. రక్షణ పనిచేయడం లేదని దానర్థం అంటారు. నేను ఎప్పుడూ దాని వైపు చూడను గనక ఎన్ని రోజుల నుంచి అలా ఉందో తెలియదు. మరో వారానికి శుభలేఖల ఫోల్డర్‌లో ప్రతి ఫైలు పేరు చివరా తెలియని అక్షరాలు తగిలించి ఉన్నాయి. తెరిస్తే తెరుచుకోవు. పదకొండేళ్ల పెళ్లిళ్లు. ఇంగ్లిషులో ఒక చీటీ, బిట్‌కాయిన్ అడుగుతూ. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయమని పక్క షాపాయన అన్నాడు. కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులైతే ఇలాంటిది తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్‌ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో నిబంధన కూడా పెట్టారట. నేను చెప్పలేదు. చెబితే డాంగిల్ ఏదని అడుగుతారు కదా.

అమావాస్యకు గట్టుకొచ్చిన మా అక్క కొడుకు, మాదాపూర్‌లో ఏదో సెక్యూరిటీ కంపెనీలో ఉంటాడు, సాయంత్రం షాపుకొచ్చి ఆ సిస్టమ్ ముందు కూర్చున్నాడు. ముందు వినాయకుడి స్టిక్కర్ గోటితో మెల్లగా పీకాడు. కింద టెస్ట్ మోడ్ అక్షరాలు అలాగే ఉన్నాయి, గోంద్ మరకతో. తర్వాత నేను వద్దన్న పుస్తకమే తెరిచి, ఆ 7045 నంబరే కొట్టాడు. వాడు చాలాసేపు ఏమీ అనలేదు.

"మామా, గిది చూడు. మాఘంల ఒకటి దిగింది, డాంగిల్‌ది. దాని ఎనక నాలుగు రోజులకు ఇంకోటి. పేరు ఫ్యాన్ తిప్పే సాఫ్ట్‌వేర్‌ది, లేచింది డౌన్‌లోడ్స్ నుంచి."

"మన దాంట్ల ఫ్యాన్ సాఫ్ట్‌వేర్ లేదు గదా అల్లుడా?"

"అదే గదా మామా నేననేది. ఫైళ్లకు తాళాలు పడ్డది నలబై దినాల తర్వాత. నలబై దినాలు గీడ రాసిపెట్టే ఉన్నది."

వాడి చూపు నాకు నచ్చలేదు. అందుకే నా చివరి సలహా అందరికన్నా ముందు నేనే పాటిస్తున్నా. సిస్టమ్ లాగ్‌కు విండోస్ మామూలుగా ఇచ్చే జాగా 20 ఎంబీ. అది నిండితే పాత రాతలు పోయి వాటి చోట కొత్తవి పడతాయి. మీ షాపులో 7045 కింద ఏముందో చూడాలన్న బుద్ధి పుడితే తొందరపడకండి, కొన్నాళ్లు ఓపిక పట్టండి, అందులో ఏమీ మిగలదు.